పాత కోడ్‌ను పారేయాలా?

ప్రశ్న: మా సంస్థలో జీతాల లెక్కలు చూసే జావా ప్రోగ్రామ్ పదిహేనేళ్ల నాటిది. అందులో ఒకటి ముట్టుకుంటే మరొకటి చెడుతోంది. మొత్తం తీసేసి కొత్తగా రాద్దామని మా బృందంలోని కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వారి విసుగు న్యాయమైనదే కాని, వారు చెప్పే మందు ప్రమాదకరమైనది. నెట్‌స్కేప్ సంస్థ 1998లో తన బ్రౌజర్ పాత కోడ్‌ను పక్కనపెట్టి కొత్తగా రాయడానికి పూనుకుంది. ఐదవ వెర్షన్ విడుదలే కాలేదు, ఆరవది 2000 నవంబరులో వచ్చేసరికి మార్కెట్ చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చేతికి వెళ్లిపోయింది (అందుకు వేరే కారణాలూ ఉన్నాయనుకోండి). పాత ప్రోగ్రామ్‌లో వికారంగా కనిపించే షరతుల్లో చాలావాటి వెనుక ఎవరో ఒకరు పడిన ఇబ్బంది ఉంటుంది. ఉదాహరణకు, ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరమే ఉన్నా అంగీకరించాలన్న వింత షరతును అనవసరమని తీసేస్తే, ఇంటిపేరును పొడి అక్షరంగానే రాసుకునే ఉద్యోగి జీతం ఆగిపోతుంది. ఆ సంగతి నెలాఖరున గాని బయటపడదు. కాబట్టి ముందుగా గత నెలల జీతాల పట్టీలనే పరీక్షలుగా మార్చుకుని, పాతది ఇచ్చిన అంకెలనే కొత్తది కూడా పైసాతో సహా ఇస్తోందని తేలిన తరువాతనే ఒక్కొక్క భాగాన్ని మార్చండి. పీఎఫ్ లెక్కతో మొదలుపెట్టవచ్చు. ప్రోగ్రామింగ్ భాష మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. జావా వెర్షన్ పెంచుకుంటే చాలు.