శంషాబాద్ విమానాశ్రయం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మకు అరవై ఆరేళ్లు. చెల్లెలి కాన్పు కోసం వచ్చే నెల శంషాబాద్ నుంచి ఒంటరిగా డల్లాస్ వెళ్తోంది. ఇంతవరకు విమానం ఎక్కలేదు, తెలుగు తప్ప మరో భాష రాదు. మేము లోపలిదాకా వెళ్లి, సామాను అప్పగించి, కూర్చోబెట్టి వచ్చే వీలుంటుందా? ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ వీలు ఉండదు. ద్వారం దగ్గర సీఐఎస్ఎఫ్ సిబ్బంది టికెట్టు, పాస్‌పోర్టు చూసి ప్రయాణికులను మాత్రమే లోపలికి పంపుతారు. బస్సులో సీటు చూపించి, కిటికీలోంచి నీళ్ల సీసా అందించి, బస్సు కదిలేదాకా నిలబడే అలవాటున్న మనకు ఇది కష్టంగానే ఉంటుంది. అందుకే మీ అమ్మగారికి మీరు చేయగలిగిన సాయమంతా ఇంటి దగ్గరే చేసి పెట్టాలి.

ముందుగా తేదీ సరిచూసుకోండి. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరుతాయి. టికెట్టు మీద 15వ తేదీ 2.30 అని ఉంటే 14వ తేదీ రాత్రి పదకొండున్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. మన పెద్దలకు తెల్లవారితేనే రోజు మారుతుంది, విమానాల వాళ్లకు అర్ధరాత్రికే మారిపోతుంది. 15వ తేదీ రాత్రి భోంచేసి తీరిగ్గా బయలుదేరితే అప్పటికే విమానం వెళ్లిపోయి ఉంటుంది. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరుకోవడం మంచిది. చాలా విమానాలకు సామాను తీసుకునే కౌంటర్లు బయలుదేరే సమయానికి గంట ముందే మూసేస్తారు.

వీల్‌చెయిర్ సాయం కావాలని విమాన సంస్థకు టికెట్టు కొనేటప్పుడే చెప్పండి. ఇప్పటికే కొని ఉంటే ఈరోజే ఫోన్ చేయండి. అంతర్జాతీయ ప్రయాణికులకు ఇది సాధారణంగా ఉచితమే. నాకు కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని చాలామంది పెద్దవాళ్లు మొహమాటపడతారు. కానీ 2008 మార్చిలో బేగంపేట నుంచి మారిన ఈ విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాల్లో ఉంది. ద్వారం నుంచి విమానం దాకా నడక తక్కువేమీ కాదు, మధ్యలో దిగే దోహా, దుబాయ్ వంటి చోట్ల ఇంకా ఎక్కువ. పైగా వీల్‌చెయిర్ తోసే మనిషి కౌంటర్, ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీ దాటించి విమానం ద్వారం దాకా తోడుంటాడు. భాష రాని మనిషికి ఆ తోడే పెద్ద ధైర్యం.

ఒక కాగితం మీద ఆమె పేరు, ప్రయాణ వివరాలు, మీ చెల్లెలి చిరునామా, ఫోన్ నంబరు, తెలుగు మాత్రమే వచ్చుననే మాట, వాడే మందుల పేర్లు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. మందులు, డాక్టరు చీటీ, పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. పవర్‌బ్యాంకును లోపలికి పంపే పెట్టెలో పెట్టనివ్వరు.

ఇక పచ్చళ్ల సంగతి. ఒకసారి ద్వారం ముందు నేలమీదే పెట్టె తెరుచుకొని కూర్చున్న ఒక కుటుంబాన్ని చూశాను. బరువు ఎక్కువైందని ఆవకాయ సీసాలు ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి మారుస్తున్నారు. ఒక మూత వదులై, కొత్త పట్టుచీర అంచుకు నూనె అంటింది. ఆ తల్లి కొంగుతో దాన్ని తుడుస్తూనే గడియారం వైపు చూస్తోంది. మీకా అవస్థ వద్దు. అమెరికా విమానాల్లో ఎక్కువగా పెట్టెకు 23 కిలోలు అనుమతిస్తారు గనుక టికెట్టులో ఎంతుందో చూసుకొని, పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద తూచుకోండి. పచ్చడి, నెయ్యి, కారప్పొడి చేతిసంచిలో పెట్టకుండా, మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టి పెట్టెలో సర్దండి. ఎండుకొబ్బరి మాత్రం వద్దు, దానిలోని నూనెకు నిప్పంటుకునే గుణం ఉంది. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్ వాళ్లు అనుమతించరు. తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే దాచకుండా ఉన్నాయని చెప్పమనండి. చెప్పినందువల్ల మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు, దాస్తే జరిమానా పడుతుంది.

ఖమ్మం నుంచి మీరు సూర్యాపేట మీదుగా వస్తారు కాబట్టి ఎల్బీ నగర్ దాకా పోకుండా పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. బొంగ్లూరు, తుక్కుగూడ మీదుగా నగరంలో అడుగుపెట్టకుండానే చేరతారు. బయలుదేరేవాళ్లు దిగవలసింది పై అంతస్తులో. వచ్చేవాళ్లను కలుసుకొనేది కింద.

ప్రశ్న: జగిత్యాల జిల్లా నుంచి గల్ఫ్ పనికి వెళ్తున్నాను. తొమ్మిదో తరగతి దాకా చదివాను. విజిట్ వీసా మీద వెళ్తే చాలని, అక్కడికి పోయాక మారుస్తామని ఏజెంటు అంటున్నాడు. విమానాశ్రయంలో ఆపుతారా?

జవాబు: ఆపవచ్చు. ఆపకుండా వదిలేస్తే మీకు ఇంకా నష్టం. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (పని కోసం వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైనది) కిందికి వస్తుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పని కోసం వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వెళ్లడానికి అనుమతి తీసుకోవాలి. ఆ దారిలో వెళ్తే మీ జీతం, యజమాని వివరాలు ప్రభుత్వం దగ్గర నమోదవుతాయి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా కూడా ఉంటుంది. విజిట్ వీసా మీద పోయి పనిచేస్తే ఇవేవీ ఉండవు, పట్టుబడితే జైలు, జరిమానా మీ మీదే పడతాయి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. రిజిస్టర్డ్ ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదన్నది నిబంధన. నంబరు చెప్పడానికి నసిగేవాడికి మీ పాస్‌పోర్టు ఇవ్వకండి. ఒప్పంద పత్రం నకలు ఒకటి ఇంట్లో మీవాళ్ల దగ్గర ఉంచి బయలుదేరండి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి ఉదయం దిగి, రాత్రి సింగపూర్ విమానం ఎక్కాలి. మధ్యలో పది గంటలుంది. దగ్గరలో చూడదగినవి ఏమిటి?

జవాబు: టికెట్లు రెండూ విడివిడిగా కొన్నవైతే పెట్టెలు ఇక్కడ మీరే తీసుకొని మళ్లీ అప్పగించాలి. అందుకని కారు మాట్లాడుకొని సామాను అందులోనే ఉంచుకోవడం మేలు. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ప్రారంభమైన 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహం, దాని చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలు ఉన్నాయి. నాకు మాత్రం శంషాబాద్‌కు దగ్గర్లోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఎక్కువ ఇష్టం. అక్కడి ఎత్తయిన గోపురం, పక్కనున్న కోనేటి మెట్లు సినిమాల్లో చూసి గుర్తుపట్టేవాళ్లు చాలామంది, అక్కడ కాసేపు కూర్చునేవాళ్లు తక్కువ. ఎండ ఎక్కకముందే వెళ్లండి. విదేశీ ప్రయాణం గనుక మీ ఇంట్లోవాళ్లు చిలుకూరు బాలాజీని అడిగితే ఔటర్ మీదుగా అప్పా జంక్షన్ దగ్గర దిగి వెళ్లవచ్చు. అక్కడ హుండీ లేదు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108 చేయడం ఆచారం. సాయంత్రం చార్మినార్ వైపు మాత్రం వెళ్లకండి. ఆ రద్దీలో చిక్కుకుంటే తిరిగి ఎప్పుడు చేరతారో చెప్పలేం.

ప్రశ్న: విమానాశ్రయం దాకా రైలు ఉందా?

జవాబు: లేదు. దగ్గరి స్టేషన్ ఉందానగర్, అక్కడి నుంచి ఆటో గానీ క్యాబ్ గానీ పట్టుకోవాలి. పెద్ద పెట్టెలున్నవాళ్లకు సికింద్రాబాద్ వైపు నుంచీ, జేఎన్‌టీయూ, గచ్చిబౌలి వైపు నుంచీ నడిచే ఆర్టీసీ పుష్పక్ బస్సులే సుఖం. వాటిలో సామాను పెట్టుకోవడానికి విడిగా చోటుంటుంది.