గాంధీ బజారు దోసె, అయ్యంగారి బన్ను

ప్రశ్న: అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో బి.కాం. చదువుతున్నాను. సెలవు రోజున పేరున్న చోట, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఏం తినవచ్చు?
– ఒక విద్యార్థిని, జయనగర్

జవాబు: గాంధీ బజారులో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్ హోటల్‌ను మొదట చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసమే పెట్టారు కనుక అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒక్క చేతిమీదే పళ్లేల దొంతర మోసుకొచ్చే సర్వర్లు, పైన ఎర్రగా కాలి లోపల మెత్తగా ఉండే మసాలా దోసె, దాని మీద ధారాళంగా పోసే పలుచని చట్నీ చూడవలసినవే. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కరవై పుట్టిందని చెప్పే రవ్వ ఇడ్లీని 1924 నాటి ఎం.టి.ఆర్. (మావళ్లి టిఫిన్ రూమ్స్) హోటల్లో తినాలి, అయితే వరుసలో నిలబడే ఓపిక ఉండాలి. చేతిలో చిల్లరే మిగిలితే ఏ అయ్యంగార్ బేకరీలోనైనా ఉల్లి, పచ్చిమిర్చి వేసిన ఖారా బన్ను వేడిగా అడగండి. నా ఓటు దానికే.