‘నైస్’ అంటే తెలివితక్కువా?

సందేహం: ‘నైస్’ అనే ఇంగ్లీషు మాటకు మొదట ‘తెలివితక్కువ’ అని అర్థం ఉండేదట. నిజమేనా? తెలుగు రాతలో ‘నైస్‌గా’ అని వాడవచ్చా?

సమాధానం: నిజమే. లాటిన్‌లో ‘స్కీరే’ అంటే తెలియడం. ముందు ‘నె’ చేరితే ‘నెస్కియుస్’, అంటే ఏమీ తెలియనివాడు. మన ‘అజ్ఞుడు’ కూడా ఇలా కట్టిన మాటే కానీ, ధాతువులకు చుట్టరికం లేదు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటను 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ ‘మూర్ఖం’ అనే అర్థంలోనే వాడాడు. తర్వాత సుకుమారం, పట్టింపు, సూక్ష్మం అనే అర్థాలు వచ్చాయి. ‘బాగుంది’ అనేది 18వ శతాబ్దపు అర్థం. జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ అబీ’లో కేథరిన్ ఒక పుస్తకాన్ని ఎంతో నైస్ అంటే, నీటుగా ఉందనా, అయితే అది బైండింగును బట్టి ఉంటుందంటాడు హెన్రీ. అన్నిటికీ ఆ ఒక్క మాటేనా అన్న ఆ మందలింపు ఈనాటి మనకూ వర్తిస్తుంది.

తెలియనితనం అందంగా మారడం వింతేమీ కాదు. మన ‘ముగ్ధ’ను చూడండి. ‘ముహ్’ అంటే తెలివి తప్పడం. దానికి జరిగిపోయినదాన్ని చెప్పే ‘క్త’ ప్రత్యయం చేరితే పాణిని రెండు రూపాలకు వీలిచ్చాడు: ముగ్ధ, మూఢ. ఒకే ధాతువు, ఒకే ప్రత్యయం, హకారం మారిన తీరులోనే తేడా. అయినా మూఢుడు తిట్టుగా మిగిలాడు, ముగ్ధ కావ్యనాయిక అయింది! ఏమీ తెలియని అమాయకత్వం నుంచి ముద్దుదనం, దాని నుంచి సౌందర్యం. నిఘంటువులు ‘ముగ్ధ’కు రెండర్థాలూ ఇస్తాయి. ఇంత చరిత్ర ఉన్న మాటను పత్రికలవారు ప్రతి ఉపన్యాసానికీ ‘మంత్రముగ్ధులను చేసింది’ అని అరగదీస్తున్నారు. మంత్రం వేసినట్టు ఒళ్లు మరిచిపోతే కదా ఆ మాట!

ఇక వాడకం. సంభాషణలో ‘నైస్’ రాస్తే నాకు అభ్యంతరం లేదు. మంచి పద్యం చదివి ‘నైస్’ అని ఊరుకోవడం మాత్రం బద్ధకం. ఇంపు, సొగసు, నాజూకు ఏమైపోయాయి? చిత్రిక పట్టిన చెక్కను ‘నైస్‌గా ఉంది’ అనేకంటే ‘నున్నగా ఉంది’ అంటే చేతికి తగిలినట్టుంటుంది. ‘నైస్‌గా తప్పుకున్నాడు’ దగ్గర కొంచెం ఆలోచించాలి. ‘చల్లగా జారుకున్నాడు’ అనే పలుకుబడి ఉంది కానీ, ఎదుటివాణ్ణి నొప్పించకుండా తప్పుకునే లౌక్యం అందులో పూర్తిగా రాదు. అక్కడ ‘నైస్‌గా’ ఉంచినా తప్పుపట్టను.