ఇంట్లోవాళ్ల గంటలు కూడా రాసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఊళ్లో ఇంటి దగ్గరే గుడ్డ సంచులు కుట్టించి అమ్ముతున్నారు. కుట్టేవాళ్లకు సరైన కూలి ఇస్తున్నారు, ఎవరినీ మోసం చేయకూడదని పట్టుదలగా ఉన్నారు. కానీ పిల్లలకు టైం దొరకడం లేదు, సాయం చేస్తున్న మీ అమ్మగారు అలిసిపోతున్నారు, ఇరుగుపొరుగు శుభకార్యాలకు వెళ్లలేక మాట పడుతున్నారు. వ్యాపారాన్ని, ఇంటిని, ఊరిని కలిపి నెట్టుకొచ్చేది ఎలా అని అడిగారు.

నేను తొమ్మిదేళ్లుగా ఇంటి దగ్గర సబ్బులు చేసి అమ్ముతున్నాను. మొదటి నాలుగేళ్లు అచ్చం మీరు రాసినట్టే గడిచాయి. ఆ రోజుల్లో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. మీ ప్రశ్నలో కూడా అదే కనిపించింది కాబట్టి దాన్నే కాస్త వివరంగా చెబుతాను.

నా దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్లకు గంట లెక్కన కూలి ఇచ్చేదాన్ని, ఒక్క వారం కూడా ఆలస్యం చేయలేదు. దాంతో నా వ్యాపారం న్యాయంగా నడుస్తోందని అనుకున్నాను. కానీ సబ్బులకు కాగితం చుట్టేది మా అత్తయ్య. డబ్బాలు మోసేది, పార్సిళ్లు పంపేది మా ఆయన. నాకు మళ్లీ సందు దొరికేది రాత్రి పిల్ల పడుకున్నాకే. ఈ గంటలేవీ లెక్కలో లేవు. బయటివాళ్లకు చేసిన న్యాయం ఖర్చంతా ఇంట్లోవాళ్లే కడుతున్నారని చాలా కాలం నాకు తట్టలేదు.

ఒక రాత్రి జరిగిన సంగతి చెబుతాను. సబ్బుకు కాస్టిక్ సోడాను నీళ్లలో కలపాలి. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. పొయ్యి వెలిగించకుండానే ఆ నీళ్లు 80 డిగ్రీలు దాటిపోవచ్చు. తూకం కూడా తప్పకూడదు. వెయ్యి గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాముల సోడా పడుతుంది, అదే ఆముదమైతే సుమారు 128 గ్రాములే. చర్మానికి ఇబ్బంది లేకుండా అందులో ఐదు శాతం తగ్గించి వేస్తాం. మనసు అక్కడే పెట్టి చేయాల్సిన పని ఇది. ఆ రోజు పగలంతా పక్కింట్లో పెళ్లి పనులకు వెళ్లాను, సాయంత్రం పిల్లకు జ్వరం. మర్నాడు పంపాల్సిన ఆర్డరు లేదు, ఏమీ లేదు. బ్యాచ్ వెనకబడుతుందనే టెన్షన్ ఒక్కటే. రాత్రి పదిన్నరకు వంటగదిలోనే సోడా కలుపుతున్నాను. దాహం వేసి లేచి వచ్చిన మా పాప, అప్పటికి ఏడేళ్లది, గట్టు మీది జగ్గు మంచినీళ్లదనుకుని చెయ్యి చాపింది. జగ్గు లాక్కున్నాను. ఆ ఊపుకి కొంచెం ఒలికి నా మణికట్టు మీద పడింది. పాప మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

పంపు కింద చెయ్యి పెట్టి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. (ఇలాంటి పని చేసేవాళ్లకు ఒక మాట: సోడా పడితే వెనిగర్ పోయమని కొందరు చెబుతారు, పోయకండి. ధారగా నీళ్లే పోయాలి, చాలాసేపు పోయాలి, ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి.) ఆ ఇరవై నిమిషాలూ మా అత్తయ్య నా పక్కనే నిలబడింది. ఏమీ అనలేదు. చివరికి, "అమ్మాయ్, రేపటి నుంచి రాత్రిపూట ఇది వద్దు" అని మాత్రం అంది.

మర్నాడు ఒక నోటుపుస్తకం తీసి రెండు వారాలు అందరి గంటలూ రాశాను. కూలికి వచ్చే ఇద్దరూ వారానికి చెరో 24 గంటలు. నేను 63. మా అత్తయ్య 19, మా ఆయన 11. అంటే వారానికి ముప్పై గంటల పనికి సబ్బు ధరలో ఒక్క పైసా లేదు. అత్తయ్య గంటలు రాస్తుంటే ఆమె నా భుజం మీదుగా చూసి, "నా చేతులకు కూడా లెక్క ఉందా?" అని అడిగింది. సంతోషంగా అడిగిందో, బాధగా అడిగిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి నుంచి చేసే పని గురించి 177వ ఒప్పందం తెచ్చింది. ఇంట్లో కూర్చుని వేరేవాళ్ల కోసం పనిచేసేవాళ్లకు కూడా మిగతా కూలీలతో సమానంగా కూలి, భద్రత ఉండాలన్నది దాని సారాంశం. సొంత ఇంటివాళ్లు చేసే సాయం దాని కిందికి వస్తుందని నేననడం లేదు. కానీ చదివినప్పుడు నాకు అత్తయ్యే గుర్తొచ్చింది. ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన పని పని కాకుండా పోదు కదా.

ఆ లెక్కతో ధర మళ్లీ వేశాను. అందరి గంటలకూ ఒకే కూలి, అత్తయ్యకు కూడా అంతే. ఆమె వద్దంది. అయినా ఆమె పేరు మీద విడిగా పెడుతున్నాను. ధర పెరగడంతో కొందరు కొనడం మానేశారు. వారానికి ఐదు బ్యాచ్‌లు చేసేదాన్ని మూడుకు దించాను. నిజం చెప్పాలి, దాదాపు ఎనిమిది నెలలు చేతికి ముందుకంటే తక్కువే వచ్చింది. ఇల్లు కాస్త బిగించి నడుపుకున్నాం. ఆ తర్వాత ధరకు ఒప్పుకున్నవాళ్లే నిలిచారు, వాళ్లే ఇంకొందరికి చెప్పారు. మూడు బ్యాచ్‌ల మీదే ఇప్పుడు ఇల్లు నడుస్తోంది. మీరు కూడా ఇది మొదలుపెట్టే ముందు కొన్ని నెలల ఖర్చుకు సరిపడా చేతిలో ఉంచుకోండి. లేకపోతే మధ్యలోనే పాత ధరకు వెళ్లిపోతారు.

సోడా పనిని పెరట్లో గొళ్లెం ఉన్న గదిలోకి మార్చాను. పాప స్కూల్లో ఉన్న వేళల్లో తప్ప ఆ గది తెరవను. పాపకిప్పుడు పన్నెండేళ్లు. లేబుళ్లు అంటిస్తానని అడుగుతుంది. పిల్లల పని గురించి అదే కార్మిక సంస్థది 1973 నాటి 138వ ఒప్పందం ఉంది. చదువుకూ ఆరోగ్యానికీ అడ్డురాని తేలిక పని పదమూడేళ్లు దాటాకే అని అందులో ఉంది (కొన్ని దేశాలకు పన్నెండు దాకా సడలింపు ఉంది). సరదాకి నాలుగు అంటించనిస్తాను. ఆర్డరు తేదీకి మాత్రం దాని చేతుల్ని ఎప్పుడూ లెక్కేసుకోను. "ఇవాళ పాప ఉంది కదా, అయిపోతుందిలే" అని మనసులో అనుకున్నామంటే అది సరదా కానట్టే.

ఊరి సంగతికి వస్తాను. మీరు దీని గురించే ఎక్కువ బాధపడుతున్నట్టున్నారు.

ఊళ్లో పిలుపులన్నీ ఒక రకం కావు. పెళ్లి, గృహప్రవేశం లాంటివి ముందే తెలుస్తాయి. చావు, జబ్బు చెప్పి రావు. పొలం కోతలు ఏటా దాదాపు ఒకే సమయంలో వస్తాయి. సబ్బును అచ్చులో ఒక రోజు ఉంచి, ముక్కలు కోశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి, అప్పుడే గట్టిపడుతుంది. మొదట్లో ఇది నాకు శాపంలా అనిపించేది. తర్వాత అదే నాకు ఆసరా అయింది. ఎలాగూ ఆరు వారాలు ఆగాలి కాబట్టి కొనేవాళ్లకు మొదటే "ఆరు నుంచి ఎనిమిది వారాలు" అని చెప్పేస్తాను. మధ్యలో ఊళ్లో కష్టం వచ్చి నాలుగు రోజులు పని ఆపినా మాట తప్పినట్టు కాదు. మీ సంచులు ఒక్క రోజులో తయారవుతాయి, నిజమే. కానీ ఒక్క రోజులో ఇస్తానని ఎందుకు ఒప్పుకోవాలి? రెండు వారాలని చెప్పండి. ఆ మధ్యలో మిగిలిన రోజులే మీ పిల్లలకూ మీ ఊరికీ వస్తాయి.

చావింటికి మాత్రం కబురు తెలిసిన వెంటనే వెళతాను. అచ్చులో పోసిన సబ్బు ఉంటే దాని మీద గుడ్డ కప్పి వెళతాను. పెళ్లి పనులకు ముందే ఒక పూట ఒప్పుకుంటాను, ఆ పూట మొత్తం ఉంటాను. గడియారం చూసుకుంటూ అరగంట కూర్చుని లేచి వచ్చేదాన్ని ఒకప్పుడు. "వచ్చింది కానీ మనసిక్కడ లేదు" అని నా వెనక అన్నారు, ఆ మాట నాకు గట్టిగా తగిలింది. వెళ్లలేనప్పుడు ఇప్పుడు ముందురోజే స్వయంగా వెళ్లి, "వదినా, రేపు సబ్బు పోసే రోజు, మధ్యలో ఆపలేను, ఎల్లుండి పొద్దున్నుంచీ నీ దగ్గరే ఉంటా" అని చెబుతాను. ఫోన్లో చెప్పను. ఊళ్లో ముఖం చూసి చెప్పిన మాటను ఎవరూ తప్పుపట్టరు, కనీసం నాకు అలా జరగలేదు.

కోతల రోజుల్లో పూర్తిగా మూసేస్తాను. నా దగ్గర పనిచేసే ఇద్దరికీ ఆ రోజుల్లో పొలంలో ఎక్కువ కూలి దొరుకుతుంది, వాళ్ల సొంత చేలో కూడా పని ఉంటుంది. మొహమాటంతో నా దగ్గర ఆగిపోవడం వాళ్లకు నష్టం. నేనూ మా చేలో ఉంటాను. ఊరంతా ఒక పనిలో ఉన్నప్పుడు మన ఒక్క ఇంటి తలుపు వేసుకుని కూర్చుంటే, మనం ఊరికి దూరమైనట్టే.

అప్పులు. "తర్వాత ఇస్తాలే" అని తీసుకెళ్లిన సబ్బుల బాకీ అడగలేక, అడిగితే మాట పోతుందని నలిగిపోయేదాన్ని. ఇప్పుడు అప్పు ఇవ్వను, ఉచితంగా ఇస్తాను. అంచులు విరిగినవి, కొలత తగ్గినవి పక్కన పెట్టి, బాలింత ఉన్న ఇంటికీ, మంచాన పడినవాళ్ల ఇంటికీ నేనే పట్టుకెళ్లి ఇస్తాను. ఇచ్చింది ఇచ్చినట్టే, పుస్తకంలో రాయను. మిగతావాళ్లు డబ్బిచ్చే కొంటారు.

ఇంకొక్క అనుభవం చెప్పాలి, మీకు పనికొస్తుంది. ఒక పెద్ద దుకాణంవాళ్లు సరుకు తీసుకుని మూడు నెలలు డబ్బివ్వలేదు. కూలి ఆపకూడదని ఇంటి డబ్బులోంచి ఇచ్చాను. పైకి చూస్తే మంచి పనే. కానీ ఆ మూడు నెలలూ మా ఆయన చెప్పులు కూడా కొనుక్కోలేదని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి సగం ముందే ఇస్తేనే దుకాణాలకు సరుకు ఇస్తున్నాను. ఆ దుకాణంవాళ్లే లేబుల్ మీద "కెమికల్స్ లేని సబ్బు" అని వేయమన్నారు. కాస్టిక్ సోడా లేకుండా ఈ సబ్బు ఎక్కడా తయారవదు. అది నూనెతో కలిసి సబ్బుగా మారిపోతుంది, అంతే. వేయనన్నాను, ఆర్డరు పోయింది. ఆ వారం మాకు రెండు సాయంత్రాలు ఖాళీగా దొరికాయి, అందరం అరుగు మీద కూర్చున్నాం.

మీరు ఇప్పుడే ఆర్డర్లు తగ్గించకండి, ధరలు మార్చకండి. ముందు రెండు వారాలు రాయండి. కుట్టేవాళ్ల గంటలు, మీవి, మీవారివి, పిల్లలు దారాలు కత్తిరించిన పావుగంట కూడా. మీ అమ్మగారివి ఆమెను అడిగి రాయకండి, "ఆ, ఎంతసేపులే" అంటారు. పక్కన కూర్చుని, టైం చూసి మీరే రాయండి. ఆ లెక్క ఇక్కడ పెడితే ధర ఎలా వేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.