లాక్ పడ్డ చాకు ఎందుకు మూసుకుంటుంది?

మడత చాకులు వాడే పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు లాక్ గురించే, అంటే తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు గురించే. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి, ఎక్కువమందికి పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: పార్సిళ్ల గోడౌన్‌లో పని చేస్తాను సార్. నా మడత చాకు తెరిస్తే పిడి లోపల సన్నటి రేకు ఒకటి పక్కకొచ్చి బ్లేడు వెనక టక్కుమని నిలుస్తుంది. మొన్న అట్టపెట్టెలో మొన గుచ్చి తిప్పుతుంటే ఉన్నట్టుండి మూసుకుపోయింది, చూపుడువేలికి కుట్లు పడ్డాయి. లాక్ పడ్డాక ఎలా మూసుకుంది? ఖరీదైనది కొంటే ఈ టెన్షన్ ఉండదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు వేలి సంగతి. కుట్లు విప్పాక వేలు పూర్తిగా వంగకపోయినా, కొస తిమ్మిరిగా ఉన్నా మళ్లీ డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి.

ఇక చాకు విషయానికొస్తే, కారణం మీ ఉత్తరంలోనే ఉంది: మొన గుచ్చి తిప్పడం. మీ దగ్గరున్నది లైనర్ లాక్. అమెరికాలో చాకులు చేసే మైకేల్ వాకర్ 1980ల మొదట్లో దీనికి ఇప్పటి రూపం ఇచ్చాడు, ఇవాళ చవక చాకుల్లోనూ ఖరీదైన వాటిలోనూ ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. పదును వైపు ఒత్తి కోసేటప్పుడు బలమంతా బ్లేడును ఇంకా తెరిచే వైపే పోతుంది కాబట్టి లాక్ మీద పెద్దగా భారం పడదు. అదే మొనతో పొడిచినప్పుడో, ఇరుక్కున్న బ్లేడును మెలితిప్పి లాగినప్పుడో బలం మూసుకునే వైపు తిరుగుతుంది, అప్పుడు మొత్తం భారం మోసేది ఆ సన్నటి రేకే. పైగా మెలితిప్పేటప్పుడు మనకు తెలియకుండానే పట్టు బిగుస్తుంది, బిగిసిన వేళ్ల కండ వెళ్లి ఆ రేకునే నొక్కితే లాక్‌ను మన చేత్తో మనమే విప్పినట్టు అవుతుంది. చాలామంది రాసిన అనుభవాల్లో చాకు మూసుకున్నది ఇలాంటి సందర్భంలోనే.

ధర గురించి అడిగారు. మంచి కంపెనీ చాకులో రేకు, బ్లేడు ఆనుకునే చోటు సరైన వాలులో చెక్కి ఉంటుంది, అది నిజమే, కానీ అక్కడ నూనె చేరినా, టేపు జిగురు పేరుకున్నా, బ్లేడు తిరిగే స్క్రూ వదులైనా ఎంత పెట్టి కొన్నదైనా జారుతుంది. చాకు తెరిచి వెలుతురులో చూడండి: రేకు బ్లేడు అంచు మీద మాత్రమే ఆని ఉంటే నమ్మొద్దు. బాగా లోపలికి వెళ్లి అవతలి పక్కకు తగులుతూ, బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ ఉంటే అరిగిపోయిందని అర్థం. వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, మొద్దు వైపును మడిచిన గుడ్డ మీద ఆనించి నిదానంగా నొక్కితే లాక్ నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది. కొందరు బలం చూడాలని మొద్దు వైపును బల్లకేసి కొడతారు, అది ఎంతమాత్రం వద్దు. బాగున్న లాక్ కూడా ఆ దెబ్బలకే పాడవుతుంది, వేళ్లకు ప్రమాదం ఎటూ ఉంది.

మీ పనికి మాత్రం మడత చాకే వద్దంటాను. రోజంతా అట్టపెట్టెలు కోసేవాళ్లకు బ్లేడు పిడిలోకి జారే కట్టర్ మేలు. అందులో మడతే లేదు, కాబట్టి వేలి మీదకు మూసుకునే ప్రమాదం లేదు.

ప్రశ్న: బాటసింగారం మార్కెట్‌లో మామిడి కొంటాను, రుచి చూడ్డానికి కాయలు కోస్తూ ఉంటాను. నా చాకుకు లాక్ పిడి వెనక వైపు ఉంటుంది, నొక్కితే మూసుకుంటుంది. సీజన్ మధ్యకొచ్చేసరికి ఒక్కోసారి లాక్ పడదు. కొబ్బరినూనె వేస్తున్నా లాభం లేదు.
– ఒక వ్యాపారి, హయత్‌నగర్

జవాబు: కొబ్బరినూనె ఆపేయండి, సగం సమస్య అదే. 1964లో అమెరికాలో బక్ 110 అనే చాకు వచ్చాక మీలాంటి లాక్‌కు బాగా పేరొచ్చింది. ఇందులో పిడి వెనక ఉన్న కడ్డీ కొస, బ్లేడు మొదట్లో ఉన్న గాటులో దిగాలి. ఆ గాటులో మామిడి రసం ఎండి గట్టిపడితే, లేదా జేబులోని నూలుపీచు చేరితే కడ్డీ పూర్తిగా దిగదు, చూడ్డానికి దిగినట్టే ఉంటుంది, అదే ప్రమాదం. వంటనూనెలు చాలావరకు కొన్నాళ్లకు జిగురవుతాయి, కొబ్బరినూనైతే చలికాలంలో మన దగ్గర గడ్డే కడుతుంది. వేడినీళ్లు, సబ్బు, పాత టూత్‌బ్రష్ తీసుకుని గాటును రుద్ది కడగండి, పుల్లతో లోపలి మురికి లాగేయండి, పూర్తిగా ఆరాక బ్లేడు తిరిగే చోట కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి. సీజన్‌లో రోజూ సాయంత్రం కడిగి ఆరబెట్టుకుంటే చాలు. అప్పటికీ లాక్ పడకపోతే స్ప్రింగ్ చచ్చిందని, పక్కన పెట్టేయండి.

ప్రశ్న: ఒపినెల్ నంబర్ 8 అనే చెక్క పిడి మడత చాకు కొన్నాను. వానలు మొదలయ్యాక బ్లేడు బయటికి రావడమే లేదు. బ్లేడును బిగించే రింగ్ బాగానే తిరుగుతోంది. పిడిని ఉప్పుకాగితంతో అరగదీయనా?
– ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: ఆగు తమ్ముడూ, అప్పుడే అరగదీయకు. ఇది ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతం చాకు, 1890 నుంచి ఉంది. చెక్క పిడి తేమకు ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, చెక్క తత్వమే అంత. ఇప్పుడు అరగదీస్తే ఎండాకాలానికి చెక్క కుంచించుకుపోయి బ్లేడు లొడలొడలాడుతుంది. ఫ్యాను కింద ఒకట్రెండు రోజులు ఆరనివ్వు. ఈలోగా తెరవాలంటే సవోయ్ వాళ్ల పద్ధతి ఒకటుంది: రింగ్‌ను బిగింపు వదిలే చోటికి తిప్పి, పిడి వెనక కొసను గట్టి బల్ల మీద తట్టితే బ్లేడు మొన కొద్దిగా బయటికొస్తుంది, అక్కణ్నుంచి గోటితో లాగొచ్చు. ఆ రింగ్ 1955లో వచ్చింది, మొదట్లో తెరిచిన చాకునే బిగించేది, 2000 నుంచి మూసినప్పుడు కూడా బిగిస్తుంది. నా లెక్కలో సామాన్యుడికి అర్థమయ్యే లాక్ ఇదే, తిప్పావో లేదో కంటికే కనిపిస్తుంది. తెరిచిన ప్రతిసారీ తిప్పు, అది తనంతట తాను పడే లాక్ కాదు.

ప్రశ్న: మా నాన్నగారి పాత స్విస్ చాకు నా దగ్గరుంది. దానికి లాకే లేదు. మార్చేయమంటారా? దాన్ని విమానంలో పుణె తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మార్చొద్దమ్మా. స్విస్ చాకుల కంపెనీ విక్టోరినాక్స్ వాళ్లు 1897లో మొదలుపెట్టిన ఆఫీసర్ చాకు దగ్గర్నుంచి ఇప్పటి మామూలు 91 మిల్లీమీటర్ల చాకు దాకా బ్లేడును పట్టి ఉంచేది వెనకున్న స్ప్రింగే, లాక్ కాదు. పండు కోయడానికి, దారం తెంపడానికి అంతకంటే అక్కర్లేదు. మొనతో పొడవకండి, అంతే. లాక్ ఉందన్న ధైర్యం లేనివాళ్లు వేలు ఎక్కడుందో చూసుకుంటూ కోస్తారు, లాక్ ఉన్న చాకునూ అలాగే వాడాలని నేను అందరికీ చెబుతాను.

విమానంలో చేతి సంచిలో ఒప్పుకోరు. షంషాబాద్‌లో సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటే నాన్నగారి చాకు మళ్లీ రాదు, అందుకని ఇంట్లో సర్దేటప్పుడే చెక్-ఇన్ బ్యాగులో గుడ్డ చుట్టి పెట్టండి. మెట్రోలో ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కే చోటికి వెళ్తున్నా బ్యాగులు స్కాన్ చేస్తారని గుర్తుంచుకోండి. చాకు కోసం అక్కడ ఆగిపోతే విమానానికి ఆలస్యమవుతుంది, ఆ రోజుకు క్యాబ్ మాట్లాడుకోవడం నయం.