మొన దగ్గర నువ్వు రాసింది ఒకటే లైను

తమ్ముడూ,

నువ్వు చేసిన గిటారు గురించి రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. మొదటిసారి ఫోన్‌లో, రెండోసారి గరాజ్‌లో బెంచి మీద పెట్టుకుని, పక్కనే సగంలో ఆగిపోయిన నా గిటారు కూడా ఉంది కాబట్టి నువ్వు రాసిన ప్రతి మాటా దానికి ఆనించి చూసుకుంటూ చదివా. లేట్ అయినందుకు ఏమనుకోకు, ఇక్కడ మిషిగన్‌లో చలి మొదలైంది, హీటర్ ఆన్ చేస్తే గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది, ఆ గొడవలో ఉన్నా.

బాగా రాశావు అని ముందే చెప్పేస్తా, లేకపోతే మిగతాది చదవవు. గిటారు చరిత్ర బాగుంది. 1949లో గిబ్సన్ కంపెనీ వాళ్ళు ఈఎస్-175 గిటారు తెచ్చినప్పుడు దాని ధర 175 డాలర్లు కాబట్టే ఆ పేరు అన్నది, జాజ్ గిటారిస్టు జో పాస్ వాయించింది దాని మీదే అన్నది, మెడ మీది లోహపు గీతల్లో బాడీకి దగ్గరున్న వాటి దాకా చెయ్యి వెళ్ళడానికి బాడీకి ఒక పక్క కోసేస్తారు, ఆ కోత గుండ్రంగా ఉంటే వెనీషియన్, మొన తేలితే ఫ్లోరెంటైన్ అన్నది, అన్నీ కరెక్టే. అసలు ఆ గిటార్లు పుట్టిన కలమజూ ఊరు మా ఇంటి నుంచి రెండు గంటల డ్రైవ్, కంపెనీ 1984లోనే అక్కడ ఫ్యాక్టరీ మూసేసి నాష్‌విల్ వెళ్ళిపోయింది, అయినా అటు వెళ్ళినప్పుడల్లా ఆ పాత ఫ్యాక్టరీ ఉన్న పార్సన్స్ స్ట్రీట్ మీదుగా ఒక రౌండ్ వేసి వస్తుంటా. సరే అది నా పిచ్చి.

నా కంప్లయింట్ ఏంటంటే, ఇదంతా మూడు పేరాలు రాసి, అసలు పని, అంటే బాడీ అంచు చుట్టూ అతికించే సన్న పట్టీ, బైండింగ్, దాని దగ్గరకొచ్చేసరికి "మొన దగ్గర రెండు బైండింగులనీ జాగ్రత్తగా కలపాలి" అని ఒక్క లైను రాసి పాలిష్‌లోకి వెళ్ళిపోయావు.

జాగ్రత్తగా అంటే ఎలా? ఈ ప్రశ్న నాది కాదు. ఇరవై ఏళ్ళ కింద నేనూ ఇలాంటిదే ఒకటి రాస్తే, తెనాలి నుంచి ఒక కార్పెంటర్ నంబర్ కనుక్కుని మరీ ఫోన్ చేశాడు. "అయ్యా, మేం ప్లైవుడ్ టేబుళ్ళకి బీడింగ్ కొడతాం, మూల దగ్గర కోత కలవకపోతే ఓనరు డబ్బులివ్వడు, మీరు జాగ్రత్తగా అని రాశారు, జాగ్రత్తగా అంటే ఎలాగండీ" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఆ వ్యాసంలో నేను రాసిన గిటారుకి మొన దగ్గర నల్లటి చుక్క ఒకటి ఉంది, ఒక మిల్లీమీటరు గ్యాప్ వస్తే రోజ్‌వుడ్ పొడి, సూపర్ గ్లూ కలిపి పూడ్చేశా, ఫోటో తీసేటప్పుడు ఆ పక్క నీడలో పెట్టా. "జాగ్రత్తగా" అన్న మాట వెనక దాచింది ఆ చుక్కనే.

నీ గిటారుకి కూడా అక్కడ ఏదో జరిగిందని నాకు డౌటు. జరిగితే అదే రాయి.

మొన దగ్గర పని ఎందుకు కష్టమో నువ్వు లెక్క చెప్పొచ్చు, చదివేవాడు ఆనందిస్తాడు. మామూలు చతురస్రం మూలైతే రెండు పట్టీలనీ 45 డిగ్రీలకి కోస్తాం, పట్టీ మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే అతుకు పొడవు 3 మిల్లీమీటర్లు కూడా రాదు. నీ ఫోటోలో మొన కోణం చూస్తే 50 డిగ్రీల దాకా ఉంది, అంటే ఒక్కో పట్టీ 25 డిగ్రీలకి కోయాలి, అప్పుడు అతుకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. మొన ఎంత సూదిగా ఉంటే అతుకు అంత పొడుగు, పట్టీ కొస అంత పల్చన, వేలితో నొక్కితేనే విరిగేంత పల్చన. మా అమ్మ జాకెట్లు కుట్టేది, వి నెక్‌కి పైపింగ్ వేసేటప్పుడు ఆ కింది మూల దగ్గర మిషన్ ఆపేసి, సూది బట్టలో దింపి ఉంచి, పాదం లేపి, బట్ట తిప్పి, మళ్ళీ పాదం దించేది. ఆ నాలుగు పనులూ రాస్తే చదివేవాడికి కుట్టడం వచ్చినట్టు ఉంటుంది. "వి నెక్ దగ్గర జాగ్రత్తగా కుట్టింది" అంటే ఏమొస్తుంది చెప్పు.

గాడి తీసే మిషన్, అదే రౌటర్, దాని గురించి నువ్వు అసలు ఎత్తలేదు. బైండింగ్ కూర్చోవడానికి అంచు చుట్టూ గాడి తీస్తాం కదా, రౌటర్‌లో తిరిగే కత్తి, బిట్, దాని కిందుండే చిన్న చక్రం, బేరింగ్, గిటారు పక్కగోడని ఆనుకుని నడుస్తుంది, మొన దాకా రాగానే ఆనడానికి గోడ ఉండదు, బేరింగ్ గాల్లోకి జారి బిట్ మొనని చుట్టేసి కొరికేస్తుంది. పైగా అక్కడ పైపలక స్ప్రూస్ చెక్క నార పొట్టిగా తెగి ఉంటుంది, టక్కున లేస్తుంది. నాకు లేచింది. బియ్యపు గింజంత ముక్క, టార్చి వేసుకుని నేల మీద పొట్టులో ముప్పావుగంట వెతికి, దొరికిన దాన్ని మళ్ళీ అతికించా, మా ఆవిడ వచ్చి చూసి ఉంగరం పోయిందేమో అనుకుంది. అప్పట్నుంచీ మొనకి రెండు వైపులా ఆరేడు మిల్లీమీటర్ల ముందే రౌటర్ ఆపేస్తా, మిగిలింది కత్తితో గీత గీసి, సన్న ఉలితో చేత్తోనే తీస్తా. ఇంకోటి, పైపలకా వెనక పలకా చదునుగా ఉండవు, కొంచెం ఉబ్బుగా ఉంటాయి, రౌటర్‌ని నేరుగా పలక మీద పెడితే అది వాలిపోయి గాడి గోడ కూడా వాలుతుంది, అందుకే దాన్ని నిటారుగా పట్టుకునే జిగ్ వాడతారు. జిగ్ వాడావో లేదో రాయి, వాడకపోతే ఎలా మేనేజ్ చేశావో అది ఇంకా బాగుంటుంది.

రెండు వైపులా గాడి లోతు ఒకటే ఉండాలి. ఒక పక్క 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ తెగినా అతుకు గీత మొన మధ్యకి రాకుండా పక్కకి పోతుంది, అప్పుడు బైండింగ్ లోపల నువ్వు పెట్టిన ఆ నలుపు-తెలుపు-నలుపు సన్న గీతలు ఒకదానికొకటి కలవవు, మెట్టులా కనిపిస్తాయి. బైండింగ్ కాస్త తేడా అయినా కన్ను క్షమిస్తుంది కానీ ఆ గీతల్ని మాత్రం క్షమించదు, మూడడుగుల దూరం నుంచే పట్టేస్తుంది.

ఇక అతికించే వరస. నువ్వు గిటారు నడుము దగ్గర మొదలుపెట్టి మొన వైపు వచ్చానని రాశావు, అక్కడే నాకు గుండె ఆగింది, నా నల్లచుక్క పుట్టింది కూడా అలాగే. మొన దగ్గర రెండు కొసలూ ముందు జిగురు లేకుండా కూర్చోబెట్టి చూసుకోవాలి, సాండ్ పేపర్ మీద ఒక్కో రుద్దుడు రుద్దుతూ, పెట్టి చూస్తూ, తీస్తూ, మళ్ళీ రుద్దుతూ, నాకైతే మొన్నటిదానికి మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుంటే టీ టైం దాటింది. అది కలిశాకే జిగురు, అదీ మొన నుంచి మొదలుపెట్టి బయటికి వెళ్ళాలి. పొడుగు పట్టీలో ఎక్కువొచ్చింది కింద తోక వైపు పోతుంది, అక్కడ మధ్యగీత మీద కోసుకోవచ్చు, పొట్టి పట్టీ ఎక్కువొచ్చింది మెడ దగ్గరకి పోతుంది, అక్కడ మెడ వచ్చి ఎలాగూ కప్పేస్తుంది. తప్పు జరిగినా కనపడని చోటికి దాన్ని నెట్టెయ్యడమే కిటుకు.

టేపు సంగతి కూడా. మిగతా అంచంతా టేపు లాగి అంటిస్తే సరిపోతుంది, మొన దగ్గర టేపు చుట్టి లాగితే పట్టీలు ముందుకి జారి అతుకు తెరుచుకుంటుంది. చిన్న చెక్కముక్కకి వి ఆకారంలో గాడి తీసి, జిగురు అంటకుండా లోపల సెల్లో టేపు వేసి, మొన మీదకి తొడిగి, పాత సైకిల్ ట్యూబు చీలికతో బాడీ చుట్టూ బిగించి కట్టు. ఇక్కడ గిటారు షాపుల్లో ఇందుకోసం మంచి టేపులూ క్లాంపులూ అమ్ముతారు, నేను మాత్రం ట్యూబే వాడతా, పోయినసారి ఇండియా వచ్చినప్పుడు ఒక పంక్చర్ షాపులో నాలుగు పాత ట్యూబులు అడిగితే వాడు నన్ను పైనుంచి కిందికి చూసి ఊరికే ఇచ్చేశాడు.

ప్లాస్టిక్ బైండింగ్ గురించి నువ్వు రాసిన పేరా తీసెయ్. నువ్వు వాడింది మేపుల్ చెక్క, వేడి పైపు మీద వంచావు, చెక్క జిగురుతో అతికించావు. మధ్యలో సెల్యులాయిడ్ తెచ్చి, దాని తుక్కు అసిటోన్‌లో కరిగించి గ్యాప్ పూడ్చొచ్చు అని రాశావు, అది నిజమే కానీ ప్లాస్టిక్‌కి నిజం, చెక్కకి అసిటోన్ ఏం పని చెయ్యదు, ఎవడో చదివి చెక్క మీద ట్రై చేస్తాడు. పైగా సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే సరుకు, పాత టేబుల్ టెన్నిస్ బంతులు చేసింది దాంతోనే, ఆ హెచ్చరిక లేకుండా వేడి చేసి వంచమని రాయకూడదు. నీ చేతిలోకి రాని మెటీరియల్ గురించి వ్యాసం నిండుగా కనపడ్డానికి రాయొద్దు, ఆ రెండొందల పదాలూ తీసుకెళ్ళి మొన దగ్గర పెట్టు.

గీకి నునుపు చేసే భాగం పర్లేదు. ఒక్కటి కలుపు, మొనని మరీ సూదిగా వదిలేస్తే మెరుపు పూత, లక్కర్, ఆ అంచు మీద నిలవదు, పల్చబడి, పాలిష్ చేసేటప్పుడు చెక్క బయటపడుతుంది, కాబట్టి గోటితో తడిమితే గుచ్చుకోనంత మొండి చెయ్యాలి.

భాష జోలికి నేను పోను, నీ తెలుగు బాగుంది. "సంధి స్థలం" అని ఒకచోట రాశావు, అతుకు అని రాయి చాలు.

తిరగరాసి పంపు, చరిత్ర మూడు పేరాలనీ ఒకటి చెయ్యి. ఈసారి మొనని నీడలో పెట్టకుండా కిటికీ పక్కన పెట్టి దగ్గరగా ఫోటో తియ్యి, చుక్క ఉంటే ఉండనీ. ఇంకో సంగతి, పక్కగోడ రెండు ముక్కలూ మొన దగ్గర కలిసేచోట పైనుంచి కిందికి నిలువు పట్టీ ఒకటి వేస్తారు కదా, ఫోటోలో నీదీ కనపడుతోంది, దాన్ని బైండింగ్ గాడి తియ్యకముందే పెట్టావా తీశాక పెట్టావా? వ్యాసంలో ఎక్కడా లేదు, నేను రెండుసార్లు వెతికా.

ఉంటా,
అన్న