ముఖంలో కనిపించనంత మాత్రాన...

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. స్కిజోఫ్రెనియా అని తేలి ఎనిమిది నెలలైంది. మందులతో చెవిలో మాటలు వినపడటం ఆగింది. కానీ ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. వాళ్ల తాతయ్య పోయిన రోజూ అలాగే కూర్చున్నాడు. మూడు పనులు చెబితే ఒకటే చేస్తాడు. వాళ్ల నాన్న ఊరికే చూసినా ‘నా మీద కోపమా?’ అంటాడు. ఇది బద్ధకమా, మనసు మొద్దుబారిందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండూ కాదమ్మా. ఈ జబ్బులో లోపల కలిగే భావం ముఖం దాకా రాదు. 1996లో అమెరికాలో ఆన్ క్రింగ్, జాన్ నీల్ ఈ జబ్బున్నవాళ్లకు సినిమా దృశ్యాలు చూపించి పరిశీలించారు. ముఖాలు పెద్దగా కదల్లేదు. మీకేమనిపించిందని అడిగితే మాత్రం మిగతావాళ్లలాగే చెప్పారు. చర్మం మీద చెమటను కొలిస్తే వాళ్ల స్పందన మిగతావాళ్లకంటే ఎక్కువే ఉంది. తాతయ్య పోయిన బాధ మీ అబ్బాయికి లేదనుకోకండి.

అయితే ఒకటి చూడండి. చేతులు వణుకుతున్నాయా? నడిచేటప్పుడు చేతులు ఊగకుండా బిగుసుకుని ఉంటున్నాయా? చొంగ కారుతోందా? ఇవి ఉంటే ముఖం అలా ఉండటానికి మందు కూడా కారణం కావచ్చు, డాక్టరు మోతాదు మార్చగలరు. వణుక్కి ట్రైహెక్సిఫెనిడిల్ ఇచ్చి ఉంటే, అది జ్ఞాపకశక్తిని ఇంకాస్త తగ్గిస్తుంది. ‘ఇది ఇంకా అవసరమా?’ అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. దిగులు జబ్బు కూడా ఉందేమో చూడమనండి.

ఇక పనుల సంగతి. విన్నది కాసేపు మనసులో నిలుపుకునే శక్తి, ఆలోచనలో వేగం ఈ జబ్బు మొదట్లోనే తగ్గుతాయి. చాలామందిలో మాటలు వినపడక ముందే తగ్గుతాయి. మాటలను ఆపిన మందు వీటిమీద అంతగా పనిచేయదు. ‘మోటారు వేసి, పాలు తెచ్చి, కరెంటు బిల్లు కట్టిరా’ అంటే, బిల్లు దగ్గరికొచ్చేసరికి మోటారు జారిపోతుంది. ఒక్క పనే చెప్పండి. తిరిగి చెప్పమనండి, జవాబుకు తొందరపెట్టకండి. అది అయ్యాకే రెండోది. రోజూ చేసేవి కాగితం మీద రాసి గోడకు అంటించండి.

మామూలు ముఖం కూడా వీళ్లకు కోపంగానో బెదిరింపుగానో కనిపించవచ్చు. అందుకే ఏదైనా నోటితో చెప్పేయాలి: ‘నీమీద కోపం లేదురా, చీటీ లెక్క చూసుకుంటున్నా.’ ఈ మాట వాళ్ల నాన్నగారు అలవాటు చేసుకోవాలి. పదే పదే తప్పులెంచే ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.

ఈ జబ్బున్నవాళ్లకు బిర్యానీ తింటున్నప్పుడు రుచి తెలుస్తుంది, కానీ రేపు తింటామన్న ఉత్సాహం ముందుగా పుట్టదు. ‘వస్తావా?’ అంటే ‘వద్దు’ అనేది అందుకే. బయటికి ఏ రోజు, ఏ టైముకు వెళ్లాలో మీరే ఖాయం చేసి వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చాక బాగున్నదేమిటో ఒక్క ముక్క రాయించి, మళ్లీ బయల్దేరే ముందు అది చూపించండి.

మెదడుకు సాధన చేయించే కాగ్నిటివ్ రిమెడియేషన్ గురించి సైకాలజిస్టును అడగండి. చదువుతోనో పనితోనో కలిపితేనే అది బాగా అక్కరకొస్తుంది. కాలేజీకి ఒకటి రెండు సబ్జెక్టులతో మొదలుపెట్టించండి. చనిపోవాలనుంది అన్నా, మందులు మానేసి నిద్రపోకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.